మీసం పెట్టుకుంటేనే మాట

నాకు నోరెక్కువ అని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. ముప్పై ఏళ్లుగా సోషల్ పాఠాలు చెప్పిన నోరు, దానికి ఊరుకోవడం అలవాటు లేదు. మాది తెనాలి పక్కన. మా నాన్న పగలు తాలూకాఫీసులో గుమాస్తా, తిరనాళ్లకి పౌరాణిక నాటకాల్లో గద పట్టుకునే వేషం. మంచివాడి వేషం ఎవడైనా వేస్తాడే, చెడ్డవాడి వేషానికే దమ్ము కావాలి అనేవాడు. జనం కూడా అంతే. నీతిమంతుడు మాట్లాడుతున్నంతసేపూ బీడీలు వెలిగించుకుంటారు, దుర్మార్గుడు మీసం మెలేశాడా, వన్స్ మోర్ అని కేకలు. ఆ వన్స్ మోర్‌లు వింటూ పెరిగినదాన్ని నేను.

దుబాయ్ వచ్చి పద్దెనిమిదేళ్లు దాటింది. దుబాయ్ అంటే మావాళ్ల లెక్కలో దేశం మొత్తం. నిజానికి మా కాపురం షార్జా అల్ నహ్దాలో, ఉద్యోగం అజ్మాన్‌లో మన సిలబస్ చెప్పే ఒక బడిలో. తొమ్మిది, పది తరగతులకి సోషల్ చెప్తాను. పొద్దున్న స్కూలు బస్సులో పిల్లల తలకాయలు లెక్కపెట్టే డ్యూటీ కూడా నాదే.

కరోనా పోయి బళ్లు పూర్తిగా తెరిచిన మరుసటేడు నా తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. మూడో బెంచీ, కిటికీ వైపు. వాళ్లమ్మ నర్సు, కాకినాడ వైపు క్రిస్టియన్స్. వాళ్ల నాన్న రాస్ అల్ ఖైమాలో రాళ్ల క్వారీ ఆఫీసులో పని, వారానికోసారి ఇంటికొస్తాడు. కరోనా రోజుల్లో వాళ్లమ్మని ఆస్పత్రివాళ్లు నెలల తరబడి వేరే ఉంచేశారు. నాన్న అక్కడ ఇరుక్కుపోయాడు. పిల్లని పక్క ఫ్లాట్‌లోని మలయాళీ కుటుంబం పెట్టుకుంది. బాగానే చూసుకున్నారట, పాపం వాళ్లననడానికి లేదు. కానీ అమ్మ తిరిగొచ్చేసరికి పిల్లకి మాట పోయింది. మూగదైపోయిందని కాదు. అడిగితే అవును, కాదు, అంతే. ఆన్‌లైన్ క్లాసుల్లో రెండేళ్లూ కెమెరా ఆపేసిన నల్లటి డబ్బా, దాని కింద పేరు. బడికొచ్చాక కూడా అదే డబ్బా, కాకపోతే యూనిఫాం వేసుకుంది.

నేను వాయిదా వేసే మనిషిని కాదు. ఆ ఏడు మా తెలుగు కుటుంబాలవాళ్లు పిల్లలకి ఏకపాత్రాభినయం పోటీ పెట్టారు. స్టేజీ ఎక్కిస్తే ఈ పిల్లకి నోరు రాకపోతే నా పేరు మార్చుకుంటానని వాళ్లమ్మతో పందెం కాశాను. ఏ పాత్ర అని ఆలోచిస్తే, మా సిలబస్‌లోనే ఉన్నాడు కదా ఒకడు, ముక్కు కింద చిటికెడు మీసం పెట్టుకున్న జర్మనీ నియంత. వాడి పేరు ఇక్కడ రాయను, రాయకపోయినా మీకు తెలుసు. ఓడిపోయి నేలమాళిగలో దాక్కుని, చావబోయే ముందు వాడు మాట్లాడే మాటలు అని నేనే రాశాను. ఎలా రాశాను? మా నాన్న గద వేషం ఎలా మాట్లాడేవాడో అలా రాశాను. "ఓడింది నా సైన్యం, నేను కాదు! వంగింది నా జెండా, నా మెడ కాదు!" రాస్తుంటే నాకే ఒళ్లు పులకరించింది. ఇవాళ తలుచుకుంటే చెప్పు తీసుకుని నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

వాళ్లింటికెళ్లి పిల్లకి కాటుకతో ఆ మీసం దిద్దాను. అద్దంలో చూసుకుంది. ఆ తర్వాత దాని నోట్లోంచి వచ్చిన గొంతు నాదీ కాదు, దానిదీ కాదు. గోడకి కొట్టుకుని తిరిగొచ్చేంత గొంతు. వంటింట్లో టీ పెడుతున్న వాళ్లమ్మ గిన్నె వదిలేసి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి ఏడ్చేసింది. ఇన్నేళ్ల తర్వాత బిడ్డ గొంతు విందావిడ. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

మొదటి రౌండులో హాలు దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు, వన్స్ మోర్‌లు. వీడియో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. పిల్ల ఫైనల్‌కి వెళ్లింది. మామూలుగా మాట్లాడమంటే మళ్లీ అవును, కాదు. మీసం పెట్టుకుంటేనే మాట. ఫైనల్ అయిపోతే మెల్లిగా మామూలు మాట కూడా వస్తుందిలే అనుకున్నాం.

ఫైనల్ ఇంకో రెండు వారాలు ఉందనగా స్కూలుకి ఒక ఉత్తరం వచ్చింది. దుబాయ్‌లో ఒక మ్యూజియంవాళ్లు, యూదుల మారణహోమం పాఠం చెప్పే టీచర్లకి రెండు రోజుల స్టడీ ట్రిప్ పెట్టారు. మా బడి నుంచి ఒకరు వెళ్లాలి. శనాదివారాలు వదులుకోవడానికి ఎవరికీ ఇష్టం లేదు. మా ప్రిన్సిపాల్ మేడం "మీరైతే బాగుంటుంది, పైగా సర్టిఫికెట్ ఇస్తారట" అంది. సర్టిఫికెట్ నేనేం చేసుకోను, ఆవకాయ జాడీకి మూత కట్టనా? అయినా వెళ్లాను. నా దగ్గర చూపించడానికి ఆ వీడియో ఉంది కదా. అదీ నా అసలు ఉద్దేశం.

క్రీక్ అనే ఉప్పునీటి పాయ పక్కన పాత దుబాయ్ సందుల్లో ఒక పాత ఇంటిని మ్యూజియం చేశారు. మేం పన్నెండు మందిమి, రకరకాల దేశాల టీచర్లం. మాకు చెప్పడానికి యూరప్ నుంచి ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి, నెరిసిన జుట్టు, పాత చెప్పులు, నెమ్మదిగా, మాట మాటకీ మధ్య ఖాళీ ఇస్తూ మాట్లాడే ఇంగ్లీషు. ఆవిడ మమ్మల్ని గదిగదికీ తిప్పింది. నేను శవాల గుట్టల ఫొటోలు ఉంటాయనుకుని మనసు గట్టి చేసుకుని వెళ్లాను. అవి లేవు. ఇళ్ల ఫొటోలు, పెళ్లి ఫొటోలు, ఒక పిల్లల క్లాసు ఫొటో. టీచరమ్మ ఒక చివర నిలబడి ఉంది, ముందు వరసలో వాడొకడు నవ్వాపుకోలేక వంకర మొహం పెట్టాడు. ప్రతి క్లాసులోనూ ఉంటాడు అలాంటివాడు. అలవాటు చొప్పున నా వేలు తలకాయలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై ఏడు. ఆవిడ నా వేలు చూసి, "వీళ్లలో చాలామంది ఏమయ్యారో మాకు తెలుసు. కొందరి పేర్లు కూడా ఇంకా దొరకలేదు" అంది. మామూలుగా చెప్పింది, సరుకులు రాలేదని కొట్టువాడు చెప్పినట్టు.

మధ్యాహ్నం మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఈ పాఠం మీ బడిలో ఎలా చెప్తారో ఒక్కొక్కళ్లే చెప్పమంది. ఒకాయన పవర్‌పాయింట్ అన్నాడు. ఒకామె వర్క్‌షీట్లు అంది. నా వంతు వచ్చేసరికి నేను లేచి నిలబడి, మా దగ్గర పిల్లల చేత నటింపజేస్తాం, చూడండి అని ఫోను స్క్రీనుకి కలిపించాను. గర్వం ఎంతనుకున్నారు, పైట సర్దుకుని మరీ నిలబడ్డాను.

నాలుగు నిమిషాల వీడియో. పిల్ల పిడికిలి ఎత్తింది, కళ్లెర్రజేసింది, మెడ నిక్కించింది. చివర ఈలలు, చప్పట్లు. గదిలో ఎవరూ కదల్లేదు. భాష తెలియక అనుకున్నాను, చూడండి నా తెలివి. ఆవిడ ముందుకు వంగి, "పిల్ల చాలా బాగా చేస్తోంది. చివర ఏమంటోంది? కొంచెం చెప్తారా?" అంది.

చెప్పడం మొదలుపెట్టాను. ఓడింది నా సైన్యం, నేను కాదు. తెలుగులో తాళంలో పడినట్టుండే మాట, ఇంగ్లీషులోకి వచ్చేసరికి బట్టలూడదీసి నిలబెట్టినట్టుంది. వంగింది నా జెండా, నా మెడ కాదు. అవతల గదిలో గోడకి ఇరవై ఏడు తలకాయలు. మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను. నేను వాడికి వీరమరణం రాశాను! అంతమందిని చంపి, పట్టుబడతానని భయపడి చచ్చినవాడికి, మా నాన్న గద తీసుకెళ్లి చేతికిచ్చాను. పైగా అది నాలుగు నిమిషాల స్క్రిప్టా, అందులో వాడు చంపినవాళ్ల మాటే లేదు. ఒక్క ముక్క కూడా లేదు. రాసినప్పుడు అది లేదని కూడా నాకు తట్టలేదు.

"ఇంక చెప్పక్కర్లేదు" అంది ఆవిడ. కోప్పడలేదు. కోప్పడితే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని, నా నోరు నాకు తెలుసు.

టీ దగ్గర నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను. పప్పులో కాలేశానండీ, మా వైపు నాటకాల్లో ఇలాగే రాస్తారు అని ఏదో వాగాను. ఆవిడ విన్నది. మీవాళ్లు కూడా ఎవరైనా… అని అడిగాను. "మా అమ్మ ఒక్కతే మిగిలింది" అంది. ఎంతమందిలో అని నేను అడగలేదు. బిస్కెట్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను, తిననూ లేదు, కింద పెట్టనూ లేదు.

కాసేపటికి నా బుర్ర మళ్లీ నాటకం వైపే పోయింది. సరే, పాత్ర మార్చేస్తే సరిపోయె. అదే పిల్ల చేత ఒక యూదుల అమ్మాయి పాత్ర వేయిస్తాను, వారం ఉంది కదా, రాత్రికి రాసేస్తాను, అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అదీ వద్దంది. చంపినవాడి వేషమూ వద్దు, చనిపోయినవాళ్ల వేషమూ వద్దు, పిల్లలకి ఆ రెండూ ఇవ్వకూడదని మేం పెట్టుకున్న నియమం అంది. చనిపోయినవాళ్ల భయం మనం తొడుక్కుని, ఐదు నిమిషాలయ్యాక విప్పి హ్యాంగర్‌కి తగిలించేది కాదు అంది. "మరి పిల్లని స్టేజీ మీద ఏమని నిలబెట్టను?" అన్నాను. "తనలాగా" అంది. "తను ఎవరో అలాగే నిలబడి, తెలుసుకున్నది చెప్పొచ్చు. తెలియనిది అడగొచ్చు."

అమ్మా తల్లీ, అదొక్కటే ఆ పిల్లకి రానిది. ఆ మాట ఆవిడకి చెప్పాను కూడా. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది.

ఇంటికొచ్చాక మా ఆయన "పోనిద్దూ, ఇక్కడి తెలుగువాళ్లలో ఎవరికి పట్టింది? వారం ఆగితే ఫైనల్ అయిపోతుంది, ఖలాస్" అన్నాడు. నాకూ ఆ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. ఒక వారం కళ్లు మూసుకుంటే పిల్లకి కప్పొస్తుంది, వాళ్లమ్మ మొహం వెలుగుతుంది. నేను చెడ్డదాన్ని కానక్కర్లేదు. కానీ ఆ వీడియో మళ్లీ పెట్టి చూడబోతే ఇరవై సెకన్లు కూడా చూడలేకపోయాను.

మర్నాడు రెండో రోజు ట్రిప్పు అయ్యాక తిన్నగా అజ్మాన్ వెళ్లి వాళ్ల తలుపు కొట్టాను. వాళ్లమ్మ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది, ఇంకా యూనిఫాంలోనే ఉంది. పిల్ల సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. టేబుల్ మీద ఫైనల్ కోసం కొన్న ఖాకీ చొక్కా, ఇస్త్రీ చేసి పెట్టారు. నేను నిలబడే చెప్పేశాను. ఇది నేను తప్పుగా రాశాను, ఆ మనిషిని గొప్ప చేసి రాశాను, పిల్ల తప్పేం లేదు, తప్పంతా నాదే. ఈ పాత్ర వెయ్యొద్దు, ఫైనల్‌కి తను తనలాగే నిలబడి నాలుగు మాటలు చెప్తే చాలు, నేను పక్కనే ఉంటాను.

పిల్ల నా వైపు చూసి, "మీరే కదా రాసింది" అంది. అంతే. అవును, కాదు కాకుండా, మీసం లేకుండా, అది నాతో అన్న మొదటి మాట అదే. సంతోషించే గడియ కాదది.

వాళ్లమ్మ బ్యాగు కింద పెట్టింది. "మేడం, మేం పోయిన ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాం, బిడ్డకి మాట వచ్చిందని. ఇది ఫైనల్‌కి చదువుకుంటూ పొద్దున్న అద్దం ముందు నవ్వింది. ఎన్నాళ్లకి నవ్వింది! మీరే నోరు తెరిపించారు, ఇప్పుడు మీరే నోరు మూయించడానికి వచ్చారా?"

"అలా కాదమ్మా…"

"ఎలా కాదు? తనలాగా నిలబడమంటారా? తనలాగా నిలబడితే దానికి మాట రాదని మీకు తెలీదా? ఎక్కడో, ఎప్పుడో పోయినవాళ్ల కోసం, ఎదురుగా ఉన్న నా బిడ్డని…" ఆవిడ మాట ఆపేసింది. చనిపోయినవాళ్ల గురించి అలా అనడం ఆవిడకే నచ్చలేదనుకుంటాను. కరోనాలో ఎంతమంది కళ్లు మూసిన చేతులో అవి. మొహం తిప్పుకుని, "వెళ్లండి మేడం" అంది.

పిల్ల లేచి ఖాకీ చొక్కా తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తలుపు విసరలేదు. విసిరినా బాగుండేది.

పోటీ పెట్టినవాళ్లకి ఫోన్ చేసి పేరు తీసేయమన్నాను, ఎందుకో కూడా చెప్పాను. అవతలాయన నవ్వి, "అదేంటి మేడం, నాటకమే కదా, మీరు మరీ సీరియస్ అయిపోతున్నారు, పిల్ల అదరగొట్టింది, స్పాన్సర్లు కూడా అడుగుతున్నారు" అన్నాడు. మీ నాటకం మీరే వేసుకోండి అని పెట్టేశాను. వీడియో తీసేయండని గ్రూపుల్లో రాశాను. ఒకరిద్దరు తీశారు, మిగతావాళ్లు బొటనవేలి బొమ్మలు పెట్టి ఊరుకున్నారు.

ఫైనల్‌కి వాళ్లెవరూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. ఆ తర్వాత మూడు వారాలు పిల్ల క్లాసులో మళ్లీ నల్లడబ్బా. అంతకుముందు అవును, కాదు అన్నా ఉండేవి, ఇప్పుడు అవి కూడా పోయాయి, తల ఊపడమే. వాళ్లమ్మకి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. నేను మంచి పని చేశానని నాకు ఒక్క పూట కూడా అనిపించలేదు. తప్పు దిద్దుకున్నది నేను, దాని ఖరీదు మోస్తున్నది ఆ పిల్ల. బస్సులో తలకాయలు లెక్కపెడుతూ మధ్యలో లెక్క మర్చిపోయి మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

ఆ పాఠం మా సిలబస్‌లో రెండో టర్ములో వస్తుంది. ఏటా కారణాలు ఆరు, పరిణామాలు ఐదు, ఐదు మార్కుల ప్రశ్న అని బోర్డు మీద రాసి చెప్పేదాన్ని. ఆ రోజు చాక్‌పీస్ పట్టుకోలేదు. టేబుల్ ముందుకొచ్చి నిలబడి, ఈ పాఠం చెప్పే ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి అన్నాను. మొత్తం చెప్పాను, మా నాన్న గద దగ్గర్నుంచి. మాటలు నావి, గొంతు మాత్రమే ఇంకొకరిది, ఆ ఇంకొకరికి నేను మీ అందరి ముందూ క్షమాపణ చెప్తున్నాను అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు, ఆ వీడియో చూడని పిల్లలు ఆ క్లాసులో లేరు. ఒకడు కిసుక్కున నవ్వబోయి పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఆగాడు.

పాఠం మొదలుపెట్టాను. ఇళ్లు, పెళ్లిళ్లు, బడులు, ఆ తర్వాత ఒక్కొక్కటీ లాగేసుకోవడం. ఆ నియంత మైదానాల్లో ఉపన్యాసాలిస్తే జనం ఎలా విరగబడి వచ్చేవాళ్లో చెప్తున్నాను. మూడో బెంచీలో, కిటికీ వైపు చెయ్యి లేచింది.

అడగమ్మా అన్నాను.

లేచి నిలబడింది. బెంచీ అంచు పట్టుకుంది. "మేడం, నేను చేసినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడ నిజంగా వాడికి చప్పట్లు కొట్టినవాళ్లు, అంతా అయిపోయాక, ఏమన్నారు?"

"చాలామంది మాకేం తెలియదన్నారమ్మా."

కొంచెం ఆలోచించింది. "మా హాల్లో మొదట ఎవరు కొట్టారు మేడం? నాకు లైట్లలో కనపడలేదు."

తెర వెనక నిలబడి మొదట కొట్టింది నేను. ఆఖరి వాక్యం పూర్తవకముందే కొట్టాను. "నేనేనమ్మా" అన్నాను. అది తల ఊపి, కూర్చుంది. పాఠం ఎక్కడ ఆపానో గుర్తు రాక పుస్తకం తిరగేశాను.

సాయంత్రం వాళ్లమ్మకి మళ్లీ ఫోన్ చేశాను. ఐదోసారి. ఎత్తింది, వెనక ఆస్పత్రి చప్పుళ్లు వినపడుతున్నాయి. మీ అమ్మాయి ఇవాళ క్లాసులో లేచి నన్ను ప్రశ్న అడిగిందమ్మా, ఒకటి కాదు రెండు అడిగింది, నన్ను నిలబెట్టి అడిగింది అన్నాను. ఏం అడిగిందో చెప్పబోయాను. ఆవిడ నన్ను ఆపింది.

"గట్టిగా అడిగిందా, మేడం?"

"వెనక బెంచీ దాకా వినపడిందమ్మా."

అవతల ఆవిడ ఎవరితోనో హిందీలో, రెండు నిమిషాలు ఈ పేషెంట్‌ని చూడు అంది. ఆ రెండు నిమిషాలూ ఫోన్ పెట్టకుండా ఏడ్చింది. నేనూ ఒక్క మాట మాట్లాడలేదు.